ఎయిర్ రైఫిల్‌కు వేట రైఫిల్ సొగసు – మూడో పాఠం: చెక్క కోయకముందే గీయాల్సిన గీత

మొదటి రెండు పాఠాల్లో రైఫిల్‌ను ఎంచుకున్నాం, పాత స్టాక్ (రైఫిల్ చెక్క భాగం) విప్పాం, లోహ భాగాల కొలతలు తీసుకున్నాం. ఈ పాఠంలో ఉలి, రంపం జోలికి పోం. స్టాక్‌ను పక్కనుంచి చూస్తే కనిపించే రూపాన్ని పొడవాటి కాగితం మీద అసలు సైజులో గీస్తాం. తొందరపడి ఈ మెట్టు దాటేసినవాళ్ల స్టాక్ ఎంత నునుపుగా తేలినా మొద్దుగానే కనిపిస్తుంది. పాత ఇంగ్లిష్ వేట రైఫిళ్ల అందం నగిషీలో లేదు, గీతల్లో ఉంది.

మనం ఉదాహరణగా తీసుకున్నది 4.5 మి.మీ. క్యాలిబర్, బారెల్‌ను కీలు దగ్గర కిందికి వంచి (దీన్నే విరవడం అంటారు) స్ప్రింగ్ ఎక్కించే మామూలు రైఫిల్. సిలిండర్ (స్ప్రింగ్ ఉండే ఉక్కు గొట్టం) బయటి వ్యాసం 30 మి.మీ. మీ రైఫిల్‌ది వేరైతే మీ కొలతే వేసుకోండి. 2016 ఆయుధ నిబంధనల ప్రకారం మన దేశంలో 4.5 మి.మీ. మించని బోరు (బారెల్ రంధ్రం), 20 జౌళ్లు మించని శక్తి ఉన్న ఎయిర్ రైఫిల్‌కు లైసెన్సు అక్కర్లేదు. స్టాక్ మార్చినంత మాత్రాన ఆ లెక్క మారదు, స్ప్రింగ్ మారిస్తే మారుతుంది. కాబట్టి ఈ పాఠాల్లో ఎక్కడా స్ప్రింగ్ జోలికి వెళ్లం. పని అంతా స్ప్రింగ్ ఎక్కించని, గుండు పెట్టని రైఫిల్ మీదే. పని పూర్తయ్యాక ఇది అసలు తుపాకీలాగే కనిపిస్తుంది కాబట్టి సంచీలో పెట్టకుండా వీధిలోకి తీసుకెళ్లకండి.

ఎయిర్ రైఫిల్ ఎందుకు లావుగా కనిపిస్తుంది? సిలిండర్ లావు కాబట్టి అని చాలామంది అనుకుంటారు. కొలిచి చూస్తే అలా తేలదు. వేట రైఫిళ్లకు శతాబ్దానికి పైగా ఆధారంగా ఉన్న జర్మన్ బోల్టు రైఫిల్ మౌజర్ 98లో రిసీవర్ (బారెల్ వెనుక చివర బిగించే ఉక్కు భాగం) ముందు భాగం వ్యాసం 35.8 మి.మీ., అంటే మన సిలిండర్ కన్నా ఎక్కువే. కాకపోతే అక్కడ ఆ లావు కాస్త దూరమే ఉంటుంది, తర్వాత బారెల్ మూతి వైపు క్రమంగా సన్నబడుతుంది. మన రైఫిల్‌లో 30 మి.మీ. గొట్టం జానెడుకు మించి ఒకే లావున సాగి, ఒక్కసారిగా 15–16 మి.మీ. బారెల్‌గా మారుతుంది. కంటికి ఇబ్బంది కలిగించేది ఆ పొడవూ, ఆ తెగిన అంచూ. సన్నబడుతున్న భ్రమను లోహం కల్పించలేదు కాబట్టి చెక్కే కల్పించాలి.

గీత మొదలుపెడదాం. మీటరు పొడవు గ్రాఫ్ కాగితం పరచండి. పై అంచుకు 80 మి.మీ. కింద ఎడమ నుంచి కుడికి సూటిగా ఒక అడ్డగీత గీయండి. అది బోరు గీత, బారెల్ రంధ్రం మధ్యగా పోయేది. ఇక మీదట ప్రతి కొలతా దీని నుంచే. సిలిండర్ మధ్యరేఖ, బోరు గీత ఒకటేనని అనుకోకండి. కొన్ని మోడళ్లలో ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఉంటుంది, కొలిచి గీయండి. దాని మీద సిలిండర్, ట్రిగ్గర్ పెట్టె, గార్డ్ (ట్రిగ్గర్ చుట్టూ ఉండే కమ్మీ), మరల (స్క్రూల) స్థానాలు, బారెల్ విరిచినప్పుడు స్ప్రింగ్‌ను నొక్కే లివర్ కదిలే దారి, అన్నీ వేయండి. లివర్ దారి మరిచిపోతే గాడి చోటు తప్పుతుంది. తప్పిన గాడిని పూడ్చడం కన్నా కొత్త దిమ్మె కొనడం తేలిక.

చెక్క పై అంచు సిలిండర్ సగం దాకా రావడం వాడుక. 30 మి.మీ. గొట్టానికి సగం 15. మనం గొట్టం అడుగు నుంచి 13.5 దగ్గరే ఆపుదాం. ఉక్కు కాస్త ఎక్కువ కనబడి చెక్క పలచగా అనిపిస్తుంది. సగం దాటి పైకి తెస్తే రెండు నష్టాలు: చూపుకు బరువు, పైగా గొట్టం పైనుంచి గాడిలోకి దిగదు, దించబోతే అంచులు చిట్లుతాయి.

ఇప్పుడు కింది గీత. బోరు గీత నుంచి కిందికి గార్డ్ ముందు 38 మి.మీ., ముందు చివర 30 మి.మీ. దగ్గర చుక్కలు పెట్టి స్కేలు పెట్టి కలపండి. ఈ 8 మి.మీ. వాలే కంటికి కావలసిన సన్నదనం. చేత్తో వంపుగా గీస్తే మధ్యలో చేప పొట్టలా దిగుతుంది. కొత్తవాళ్ల స్టాకుల్లో ఎక్కువగా కనిపించే లోపం ఇదే. చేతి పట్టుకు పొట్ట ఉండాలన్న అపోహ వల్ల వస్తుంది. పట్టు అడ్డుకోతలోని గుండ్రం వల్ల కుదురుతుంది, పక్క గీతలోని పొట్ట వల్ల కాదు. లివర్ గాడి రెండు పక్కలా గోడ మందం 8 మి.మీ.కు తగ్గనీయకండి. పక్క మరల దగ్గర ఇంకా మందం ఉంటే మంచిది. గాడి చివర మూలలు చతురస్రంగా కాకుండా గుండ్రంగా ఉండాలి, పగులు మొదలయ్యేది ఆ మూలల్లోనే.

వీటన్నిటికన్నా కష్టమైనది మణికట్టు, అంటే ట్రిగ్గర్ వెనుక చేతిపిడి చుట్టే సన్నని భాగం. అసలు వేట రైఫిల్‌లో రిసీవర్ వెనుక సన్నని ఉక్కు నాలుక చెక్కలోకి జారిపోతుంది, అందుకే అక్కడ చూపు ఆగదు. మన సిలిండర్ మొండి మూతతో ముగుస్తుంది. ఫ్యాక్టరీ స్టాకులు దాని వెనక చెక్కను అదే ఎత్తున ఉంచి హఠాత్తుగా దించుతాయి, అక్కడ మెట్టు ఏర్పడుతుంది. మీరు మూత వెనుక అంచు నుంచి 45–50 మి.మీ. పొడవున మెత్తని వాలు గీయండి. గుండ్రని స్కేలు లేకపోతే సన్నని వెదురు బద్దను వంచి, దాని వెంట పెన్సిల్ నడపండి. బద్ద ఇష్టపడి తీసుకున్న వంపు ఎప్పుడూ చేతి వంపు కన్నా బాగుంటుంది. మణికట్టు చుట్టుకొలత 120–125 మి.మీ. ఉండాలి. 135 దాటితే స్టాక్ అంతా మొద్దుబారుతుంది. 110కి దిగితే విరిగే ప్రమాదం: స్ప్రింగ్ రైఫిల్ మొదట వెనక్కి, వెంటనే ముందుకి తంతుంది కాబట్టి ఆ సన్నని చోట రెండు దిక్కులా ఊగిసలాట పడుతుంది. ట్రిగ్గర్ ముందు ముఖం నుంచి పిడి అడుగు బిళ్ల మధ్యకు దాదాపు 100 మి.మీ. వేయండి. పిడి వంపు తెరిచి, సోమరిగా ఉండాలి. నిట్టనిలువుగా దించితే టార్గెట్ రైఫిల్ పిడి అయిపోతుంది.

చెంప ఆనే పై అంచును కోంబ్ అంటారు. ఇనుప సైట్లతో పాత రైఫిళ్లలో ఇది బోరు గీతకు 38 మి.మీ. కింద ఉండి, మడమ (స్టాక్ వెనుక పై కొస) దగ్గర 60 దాకా దిగేది. ఆ కొలతలే ఎక్కించి, పైన స్కోప్ పెడితే చెంప గాల్లో ఉండి మెడ పైకి లేస్తుంది. స్కోప్ మధ్యరేఖ బోరుకు 45 మి.మీ. పైన ఉంటే, కోంబ్ ముందు కొసన 18, మడమ దగ్గర 24 మి.మీ. దిగుడు చాలు. బోల్టు రైఫిల్ చేసేవాళ్లు బోల్టు (తూటా ఎక్కించే కదిలే కడ్డీ) వెనక్కి రావడానికి కోంబ్‌ను తగ్గించక తప్పదు. మనకు బోల్టు లేదు, ఈ స్వేచ్ఛ ఎయిర్ రైఫిల్‌కు ఉన్న గొప్ప అనుకూలత. కోంబ్ ముక్కు, చుట్టిన బొటనవేలికి 10 మి.మీ. వెనక ఉండాలి.

స్టాక్ పొడవు, అంటే ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే వెనుక పలక దాకా దూరం, చాలామంది పెద్దలకు 340–365 మి.మీ. మధ్య తేలుతుంది. మోచేతిని లంబకోణంలో మడిచి, మడత నుంచి చూపుడువేలి మొదటి కణుపు దాకా కొలిస్తే దగ్గరి అంచనా వస్తుంది. వెనుక పలక ఎత్తు 128 మి.మీ. పెట్టి, దాని కింది కొస నుంచి పిడి బిళ్ల దాకా నేరుగా గీత లాగండి. ఈ గీతకు ఎలాంటి వంపూ వద్దు.

గాలి సిలిండర్ బారెల్ కింద ఉండే రైఫిళ్లకు ఈ లెక్కలు సరిపోవు, వాటికి ఆరో పాఠం. ఈలోపు ఒక పాత ఉపాయం గుర్తుంచుకోండి: 1780 ప్రాంతంలో ఆస్ట్రియా సైన్యం వాడిన గిరార్దోని రైఫిల్‌లో గాలి తొట్టి వెనుక స్టాక్ స్థానంలోనే ఉండేది. అందుకే దాని ముందు భాగం ఆ కాలపు చెకుముకి తుపాకులంత సన్నంగా నిలిచింది.

గీసిన రూపాన్ని 3 మి.మీ. ప్లైవుడ్ మీద అతికించి కోయండి, నల్లరంగు వేయండి, తెల్లగోడకు వేలాడదీసి మూడు మీటర్ల దూరం నుంచి చూడండి. రంగు, మెరుపు లేని ఆకారం అబద్ధం చెప్పదు. రెండు రోజులు అక్కడే ఉంచి, దాటిపోతూ ఓ చూపు చూస్తూ ఉండండి. చూపు ఎక్కడ తట్టుకుంటుందో అక్కడ అరగదీయండి. ఒక మిల్లీమీటరు తేడా కూడా ఈ దూరంలో తెలుస్తుంది.

చెక్క కొనేటప్పుడు ఈ ప్లైవుడ్ అచ్చును వెంట తీసుకెళ్లండి. 800 × 170 × 55 మి.మీ. దిమ్మె కావాలి. అక్రోటు దిమ్మె ఆ కొలతలో దాదాపు 5 కిలోలు తూగుతుంది. కాశ్మీరు అక్రోటు, ఇంగ్లిష్ వాల్‌నట్ అనేది ఒకే జాతి చెట్టు, ధరకు భయపడి దూరం పోనక్కర్లేదు. టేకు మాకు నచ్చదు: ఉలి మొద్దుబారుతుంది, సన్నని అంచులు పొడిపొడిగా రాలుతాయి. అచ్చును దిమ్మె మీద తిప్పుతూ, చెక్క పోగులు మణికట్టు వాలు వెంటే సాగే చోటు వెతకండి. పోగులు అడ్డంగా తెగే చోట మణికట్టు పడితే ఎంత అందమైన చారలున్నా ఆ దిమ్మె వదిలేయండి. అందమైన చారలు వెనుక భాగంలో పడనివ్వండి, బరువు మోసే చోట సాదా పోగే మేలు. కోస్తా తేమలో ఉండేవాళ్లు దిమ్మెను గదిలో పెట్టి వారానికోసారి తూయండి. వరుసగా నాలుగు వారాలు బరువు మారకపోతేనే కోతకు సిద్ధం.

నాలుగో పాఠం సిలిండర్ గాడి తొలచడం, మరల కింద అల్యూమినియం గొట్టాలు దించడం. దానికి ముందు మీ దగ్గర ఉండాల్సినవి: కోసిన అచ్చు, బరువు కుదిరిన దిమ్మె, 6, 12 మి.మీ. ఉలులు, 30 మి.మీ. గుండ్రని కర్రకు చుట్టడానికి 120 నంబరు గరుకు కాగితం.