పీర్లు లేవకముందే చూసుకోవాల్సినవి: తీగ, గుండం, షర్బతు

మొహర్రం పీర్ల పండుగలో నిప్పుల గుండం దగ్గర జనం ఒళ్లు దగ్గర పెట్టుకునే ఉంటారు. నిప్పు కనిపిస్తుంది, సెగ తగులుతుంది. కరెంటు తీగ అలా కాదు. రాత్రిపూట, డప్పుల మోతలో, చూపంతా పీరు (కర్బలా అమరుల గుర్తుగా కర్రకు కట్టి ఎత్తే లోహపు పంజా) మీదే ఉన్నప్పుడు అది ఎవరికీ గుర్తుండదు. అందుకే తీగతోనే మొదలుపెడదాం.

మొహర్రం హిజ్రీ సంవత్సరంలో మొదటి నెల, ఇస్లాంలో పవిత్రంగా ఎంచే నాలుగు నెలల్లో ఒకటి. పదో రోజు ఆషూరా. హిజ్రీ 61లో, అంటే క్రీ.శ. 680లో, కర్బలాలో ఇమామ్ హుస్సేన్ అమరుడైంది ఆ రోజే. షియాలకు ఇవి సంతాప దినాలు. మన పల్లెల్లో మాత్రం హిందువులూ ముస్లింలూ కలిసి పీర్లను ఎత్తుతారు. ముస్లిం ఇల్లు ఒక్కటీ లేని ఊళ్లలోనూ పీర్ల చావిడి ఉంటుంది. చాంద్రమానం కాబట్టి ఏటా పది పదకొండు రోజులు వెనక్కి జరుగుతుంది. 2026లో ఆషూరా జూన్ చివరి వారంలో, అంటే తొలకరి వేళ. 2029కి మే ఎండల్లోకి వస్తుంది.

నెలపొడుపు కనిపించి గుండానికి కుదాళి వేసిన రోజే, సవారి (పీర్ల ఊరేగింపు) తిరిగే దారంతా పగటిపూట ఒకసారి నడవండి. వీధికి అడ్డంగా పోయే 11 కేవీ (హైటెన్షన్) తీగ నేలకు కనీసం 6.1 మీటర్ల ఎత్తులో, ఇళ్లకు కరెంటిచ్చే ఎల్‌టీ తీగ 5.8 మీటర్ల ఎత్తులో ఉండాలి. ఇరవై అడుగులు, పంతొమ్మిది అడుగులు అనుకోండి. కానీ రోడ్డు మీద రోడ్డు వేసినచోట నేల లేస్తుంది, ఎండకు తీగ సాగి వేలాడుతుంది. ఇప్పుడు పీరును కొలవండి. పది అడుగుల వెదురు, పైన రెండడుగుల పంజా, నడుము దగ్గర పట్టుకుంటే మరో మూడు: పదిహేను. పూనకంలో తలమీదికెత్తి ఎగిరితే ఇంకో నాలుగైదు. తీగ అందినట్టే. 11 కేవీకి తాకనక్కర్లేదు, మరీ దగ్గరికొస్తే చాలు, లాగేస్తుంది. పంజా లోహం. కర్ర వెదురే కదా అన్న ధైర్యం ఎండాకాలం మాట. జల్లుకు తడిసిన వెదురూ, దానికి చుట్టిన తడి దట్టీలూ (మొక్కు గుడ్డలు) కరెంటును చేతిదాకా మోస్తాయి.

కర్ర పొట్టిది చేయడానికి పీర్లను చూసుకునే ముజావరు ఒప్పుకుంటే అంతకు మించిన ఉపాయం లేదు. ఒప్పుకోకపోతే వారం ముందే కరెంటు ఆఫీసు ఏఈకి కాగితం రాసిచ్చి, సవారి వేళకు ఆ లైనుకు ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే సరఫరా ఆపడం) అడగండి. ఫోనులో చెప్పి ఊరుకుంటే ఆ రాత్రి డ్యూటీలో ఉన్న మనిషికి సంగతే తెలియకపోవచ్చు. వీధి దీపాలు ఆరాయి కదా అని కదలొద్దు. దీపాల లైను వేరు, పైనున్న 11 కేవీ వేరు. సరఫరా ఆపానని లైన్‌మన్ నోటితో చెప్పాకే పీరు ముందుకు రావాలి. అప్పుడు కూడా వాలుగా దించి దాటించాలి. పక్కన ఇద్దరు నిదానమైన మనుషులు, ఒకరి చేతిలో టార్చి ఉండాలి.

ఎవరికైనా షాక్ తగిలితే పట్టుకుని లాగొద్దు. ఎల్‌టీ అయితే ముందు సరఫరా ఆపాలి. 11 కేవీ అయితే ఆగిందని తేలేదాకా పది గజాల లోపలికి ఎవరినీ పోనివ్వొద్దు. అక్కడ కర్ర, చెప్పులు, గోనెసంచి ఏవీ కాపాడవు. ఆ తర్వాత మనిషి ఊపిరి తీసుకోకపోతే రొమ్ము మధ్యలో రెండు అంగుళాలు దిగేలా, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కుతూ 108 వచ్చేదాకా ఆపకూడదు.

ఇక గుండం. పందిరికీ చెట్టుకొమ్మలకూ తీగలకూ దూరంగా తవ్వాలి. చింత మొద్దులు మేలు, నిదానంగా కాలి గట్టి నిప్పులిస్తాయి. పాత తలుపులు, ప్లైవుడ్డు, రంగు వేసిన కట్టె వద్దు: మేకులు నిప్పుల్లో మిగిలిపోతాయి. బొగ్గూ బూడిదా వేడిని నెమ్మదిగా అందిస్తాయి కాబట్టే అడుగు త్వరగా ఎత్తేవాడి పాదం నిలుస్తుంది. ఇనుము, రాయి అలా ఊరుకోవు. నిప్పు అందుకోలేదని పెట్రోలు గుమ్మరిస్తే మంట డబ్బాదాకా పాకుతుంది.

చాలా ఊళ్లలో గుండం చుట్టూ అలాయి (డప్పులకు అడుగులేస్తూ తిరిగే ఆట) ఆడటమే ఉంటుంది. అక్కడ భయం తోపులాటది. గట్టుకు ఆరడుగుల అవతల తాడు కట్టండి, పిల్లల్ని తాడు బయటే ఉంచండి. అనంతపురం జిల్లా గూగూడులోలా నిప్పులు తొక్కే చోట మంటలు పూర్తిగా పడిపోయి, పైన బూడిద పొర పట్టేదాకా ఆగాలి. పరుగెత్తితే కాలు లోతుకు దిగుతుంది. తడి పాదానికి నిప్పురవ్వ అంటుకుని వేళ్ల సందులో ఇరుక్కుంటుంది. షుగరుతో అరికాళ్లు మొద్దుబారినవాళ్లు అసలు తొక్కకూడదు. కాలినట్టు వాళ్లకు మర్నాటిదాకా తెలియదు. చంకలో బిడ్డతో దిగడం ఎంత పెద్ద మొక్కైనా మానుకోవాల్సిందే.

కాలితే చల్లటి పారే నీళ్లు, ఇరవై నిమిషాలు, గడియారం చూసి మరీ. పట్టీలు, మెట్టెలు వాపు రాకముందే తీసేయండి. ఐసు, పసుపు, టూత్‌పేస్టు, సిరా ఏదీ పూయొద్దు. బొబ్బలు చిదమొద్దు. శుభ్రమైన గుడ్డ వదులుగా కప్పి ఆసుపత్రికి తీసుకెళ్లండి, ధనుర్వాతం ఇంజెక్షను సంగతి అక్కడ అడగండి.

ఇక జనానికి పంచే షర్బతు. బానలో పోసే నీళ్లు కాచి చల్లార్చినవో, క్లోరిన్ వేసినవో అయి ఉండాలి. తొలకరి బురద బోర్లలోకి, బావుల్లోకి దిగే రోజులివి. తేట నీళ్లయితే వెయ్యి లీటర్లకు తాజా బ్లీచింగ్ పౌడరు సుమారు రెండున్నర గ్రాములు కలిపి గంట ఆగి, తర్వాతే బెల్లం, సోంపు వేయాలి. ముందే బెల్లం కలిపితే క్లోరిన్ దాని మీదే ఖర్చయిపోతుంది. చేపల పెట్టెల్లో వేసే ఐసుగడ్డ బానలో పడకూడదు. మలీద (ప్రసాదంగా పంచే రొట్టె, బెల్లం ముద్ద)లో పచ్చికొబ్బరి బదులు ఎండు కుడుక వేస్తే సాయంత్రందాకా పులవదు.

పీర్లు చావిడికి చేరాక అందరూ నిద్రపోతారు, గుండం నిద్రపోదు. పైన తెల్లటి బూడిద, జానెడు లోతున ఎర్రటి నిప్పు. పొద్దున్నే నుదుట పెట్టుకోవడానికి బూడిద కోసం పిల్లలు చెయ్యి పెట్టేది అక్కడే. అలికిడి తగ్గగానే దూరం నుంచి కొద్దికొద్దిగా నీళ్లు చల్లండి, బిందెలకు బిందెలు ఒక్కసారే పోస్తే ఆవిరి మొహాన కొడుతుంది. పారతో తిరగేసి మళ్లీ చల్లి, అప్పుడు మన్ను కప్పండి. మన్ను ఒక్కటే కప్పితే నిప్పు లోపల మర్నాటిదాకా బతుకుతుంది.