గోదావరి జిల్లాల నుంచి జడ్జి కావాలంటే: కోచింగ్ కన్నా ముందు కోర్టుకి వెళ్లండి

లా చదివే పిల్లలు గానీ వాళ్ల అమ్మానాన్నలు గానీ నన్ను మొదట అడిగేది "ఏ కోచింగ్ మంచిదండీ?" అనే. డెల్టాలో ఒక చిన్న టౌన్ కోర్టులో ఇరవై ఏళ్లుగా సివిల్ దావాలు నడుపుతున్నాను, నేను చెప్పేది మాత్రం ఒకటే. కోచింగ్ సంగతి తర్వాత చూద్దాం, ముందు మీకు దగ్గర్లో ఉన్న కోర్టుకి వెళ్లి వెనక బెంచీ మీద కూర్చోండి. రాజోలు, కొత్తపేట, ముమ్మిడివరం, పాలకొల్లు, తణుకు, ఏదైనా సరే. మామూలు విచారణ ఎవరైనా కూర్చుని వినొచ్చు, ఫోన్ సైలెంట్‌లో పెట్టి మాట్లాడకుండా ఉంటే చాలు.

ముందు దారి ఎలా ఉంటుందో చెప్తాను. అమెరికాలో ఉన్న మనవాళ్లు ఫెడరల్ జడ్జీల గురించి చెప్తుంటారు కదా, అక్కడ ప్రెసిడెంట్ నామినేట్ చేసి, సెనేట్ ఒప్పుకుంటే జీవితాంతం ఆ పదవిలో ఉండొచ్చు, పరీక్ష లేదు. వాళ్లకి కేంద్రం కోర్టులు వేరు, రాష్ట్రాల కోర్టులు వేరు. మనకి అలా కాదు, ఊళ్లో మున్సిఫ్ కోర్టు నుంచి సుప్రీంకోర్టు దాకా ఒకటే నిచ్చెన. కింది మెట్టు జూనియర్ సివిల్ జడ్జి, ఇప్పటికీ మన పెద్దవాళ్లు మున్సిఫ్ గారు అనే అంటారు. దానికి హైకోర్టు నోటిఫికేషన్, పరీక్ష. ఆపైన సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి. లాయర్‌గా ఏడేళ్లు చేసినవాళ్లు నేరుగా జిల్లా జడ్జి పరీక్ష కూడా రాయొచ్చు. హైకోర్టుకి పరీక్ష ఉండదు, సీనియర్ జడ్జీల బృందం, అంటే కొలీజియం సిఫార్సు చేయాలి, అక్కడ 62 ఏళ్లకి రిటైర్మెంట్, సుప్రీంకోర్టులో 65కి. రాజమండ్రిలో 1902లో పుట్టిన కోకా సుబ్బారావు గారు లాయర్‌గా పేరు తెచ్చుకుని 1948లో మద్రాసు హైకోర్టు జడ్జి అయ్యారు, 1954లో గుంటూరులో ఆంధ్ర హైకోర్టు పెట్టినప్పుడు మొదటి చీఫ్ జస్టిస్, 1966లో దేశానికే చీఫ్ జస్టిస్. గోలక్‌నాథ్ కేసులో ప్రాథమిక హక్కుల్ని పార్లమెంటు కూడా తగ్గించడానికి వీల్లేదని ఆరుగురు ఒకవైపు, అయిదుగురు ఒకవైపు తీర్పు చెప్పినప్పుడు ఆ ఆరుగురి వైపు నిలబడింది ఆయనే. మన గోదావరి గట్టు మనిషి అని నాకు ఇప్పటికీ గర్వంగా ఉంటుంది.

ఇక అందరికీ టెన్షన్ పెట్టిన విషయం. 2025 మే 20న సుప్రీంకోర్టు, జూనియర్ సివిల్ జడ్జి పరీక్ష రాయాలంటే కనీసం మూడేళ్లు లాయర్‌గా ప్రాక్టీసు ఉండాలని మళ్లీ రూలు పెట్టింది. "మూడేళ్లు వేస్టు" అని పిల్లలు దిగులు పడుతున్నారు. నేనైతే ఈ రూలు మంచిదే అంటాను. ఆ మూడేళ్లు మన దగ్గర ఒక మంచి సివిల్ లాయర్ ఆఫీసులో చేరితే ఏ పుస్తకంలోనూ దొరకని చదువు దొరుకుతుంది.

ఎలాగంటే, ముందు ప్రోనోటు దావానే తీసుకోండి. అప్పిచ్చాక మూడేళ్లలోపు దావా వేయాలి. ఈలోపు ఎంతో కొంత కట్టించుకుని నోటు వెనక చెల్లు రాయించుకుంటారు, కట్టినవాడి చేతిరాతో సంతకమో ఉంటే ఆ రోజు నుంచి గడువు మళ్లీ మొదలవుతుంది, లిమిటేషన్ చట్టం 19వ సెక్షన్ అంటే ఇదే. ప్రతివాది బోనెక్కి "నోటు నాదేనండి, ఆ చెల్లు సంతకం మాత్రం నాది కాదండి" అంటాడు. ఇప్పుడు దావా మొత్తం ఆ ఒక్క సంతకం మీద నిలబడింది. ఎదుటి లాయర్ అతన్ని ప్రశ్నలడిగే ఈ క్రాస్ ఒకసారి కళ్లారా చూసినవాడు ఆ సెక్షన్ని జన్మలో మర్చిపోడు.

బోదె తగాదా ఇంకా గొప్ప పాఠం. పైచేను ఆయన పొలాన్ని చేపల చెరువు చేసి, కింది చేలకి నీళ్లొచ్చే బోదె పూడ్చేశాడనుకోండి. కిందాయన దాన్ని ఆపమనే కోర్టు ఆర్డర్, అంటే ఇంజంక్షన్ కోసం వస్తాడు. ఇరవై ఏళ్లుగా అడ్డులేకుండా, హక్కుగా ఆ నీళ్లు వాడుకున్నాడా అని 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం అడుగుతుంది. మొదటి చూపులో కేసు ఉందా, ఆర్డర్ ఇవ్వకపోతే ఎవరికి ఎక్కువ కష్టం, ఆ నష్టం తర్వాత డబ్బుతో పూడుతుందా అని సివిల్ జడ్జి చూడాలి. అసలు అక్కడ బోదె ఉందా లేదా తేల్చడానికి కోర్టు తరఫున చూసొచ్చే లాయర్‌ని, అంటే అడ్వకేట్ కమిషనర్‌ని పంపాలి. ఇదంతా నాట్లు దాటిపోకముందే జరగాలి, వాయిదా వేస్తూ పోతే తీర్పొచ్చేసరికి చేను బీడు. చట్టంతో పాటు కాలవకి నీళ్లు ఎప్పుడు వదులుతారో కూడా తెలిసిన జడ్జి కావాలి ఆ రైతుకి.

కొబ్బరితోటల పంపకాల దావాలు కూడా వినండి. దావా తేలేదాకా దింపు, అంటే దింపిన కాయలు ఎవరు తీసుకోవాలి, ఆ డబ్బు ఎక్కడ జమ చేయాలి అని ఎంత గొడవో. ఆడపిల్లలకి వాటా గురించి అడిగితే చాలామంది హిందూ వారసత్వ చట్టానికి వచ్చిన 2005 సవరణ ఒక్కటే చెప్తారు. మన రాష్ట్రం 1986లోనే పెళ్లికాని ఆడపిల్లలకి ఉమ్మడి ఆస్తిలో వాటా ఇచ్చింది, ఇది ఇంటర్వ్యూకి వెళ్లేవాళ్లకి తెలిసి తీరాలి.

పరీక్ష సంగతి పెద్దగా చెప్పక్కర్లేదు. ఆబ్జెక్టివ్ స్క్రీనింగ్, తర్వాత రాత పరీక్షలో సివిల్, క్రిమినల్, ఇంగ్లీషు పేపర్లు, చివర ఇంటర్వ్యూ. గైడ్లు తర్వాత, బేర్ యాక్ట్, అంటే వ్యాఖ్యానం లేని అసలు చట్టం ముందు. 2024 జూలై 1 నుంచి కొత్త క్రిమినల్ చట్టాలు వచ్చాయి కాబట్టి పాత సెక్షన్ నంబరు పక్కన కొత్తది రాసుకుని రెండూ చదవండి, పాత కేసులు పాత నంబర్లతోనే ఇంకా నడుస్తున్నాయి. మన పిల్లలు దెబ్బ తినేది మాత్రం అనువాదం దగ్గర. సాక్షి "పుంత పక్కన గట్టు కొట్టేశారండి" అంటే దాన్ని ఇంగ్లీషులో అర్థం చెడకుండా రికార్డు చేయాల్సింది జడ్జే. నా దగ్గర చేరిన జూనియర్లందరి చేతా రోజుకో పేజీ సాక్ష్యం అటూ ఇటూ అనువాదం చేయిస్తాను. మీరూ చేయండి, ఆరు నెలల్లో తేడా తెలుస్తుంది.

ఇంట్లోవాళ్లతో ముందే మాట్లాడాల్సిన విషయం ఒకటుంది. జీతం బాగానే ఉంటుంది, మొదటి మెట్టులోనే మూల వేతనం 77,840 రూపాయలు. కానీ బదిలీలు తప్పవు, పిల్లల స్కూళ్లు మారతాయి. సంక్రాంతికి బావమరుదులు పందెం బరి దగ్గరకి రమ్మంటే వెళ్లకూడదు, ఆ కేసే రేపు మీ బెంచీ మీదకి రావచ్చు. పాత స్నేహితుడైన లాయర్ ఇంట్లో భోజనానికి కూడా ఆలోచించాలి. పూతరేకుల డబ్బా పట్టుకొచ్చిన మనిషిని గుమ్మంలోంచే వెనక్కి పంపడం మన జిల్లాల మర్యాదకి చాలా కష్టంగా ఉంటుంది, అయినా పంపాలి. ఈ ఒంటరితనం తట్టుకోగలరా అని మిమ్మల్ని మీరు నిజాయితీగా అడగండి.

చివరిగా కాగితాల విషయం. మూడేళ్ల లెక్క బార్ కౌన్సిల్లో ప్రొవిజనల్‌గా నమోదైన రోజు నుంచే మొదలవుతుంది, అందుకని డిగ్రీ చేతికి రాగానే ఎన్‌రోల్ అవ్వండి. అనుభవానికి సర్టిఫికెట్ పదేళ్లు పైబడిన లాయర్ ఇవ్వొచ్చు, దాని మీద అక్కడి ప్రధాన న్యాయాధికారి సంతకం కావాలి. నా జూనియర్ ఒకమ్మాయి తను హాజరైన కేసుల వివరాలు రాసుకోక, అప్లికేషన్ గడువు ముందు వారం రోజులు పాత కేసు డైరీలు తిరగేస్తూ నిద్ర లేకుండా గడిపింది. మీరు మొదటి రోజు నుంచే ఒక నోట్‌బుక్ పెట్టండి, కేసు నంబరు, తేదీ, ఏ కోర్టు, ఆ రోజు మీరేం చేశారు అన్నీ రాయండి. మీ పేరున్న ప్రతి వకాల్తా కాపీ ఫైల్లో పెట్టుకోండి.