సాగర్ గేట్ల హోరు వెనక బెంచీదాకా

నల్లగొండలో మా డిగ్రీ క్లాసు. నాగార్జునసాగర్ 26 గేట్లు ఎత్తిన వీడియో పెట్టిన. తెర మీద నీళ్లు దుంకుతున్నయి, చప్పుడు లేదు. "సార్, ఇనవడ్తలేదు" అన్నరు వెనక బెంచీ పిల్లలు. పెద్ద స్పీకర్ల వైరు లాప్‌టాప్‌కే ఉంది, వాల్యూమ్ నూరులో ఉంది. ప్రొజెక్టర్ కింద చెవి పెడితే దోమ రొదలాగ సన్నగ వినవడ్డది! లాప్‌టాప్‌ను ప్రొజెక్టర్‌కు కలిపే పాత వీజీఏ కేబుల్ బొమ్మనే మోస్తది. దాని బదులు కొత్తగ పెట్టిన హెచ్‌డీఎంఐ కేబుల్ శబ్దాన్ని కూడ మోస్తది. అందుకే విండోస్ సౌండును ప్రొజెక్టర్‌కు మళ్లించింది. గడియారం పక్కన స్పీకర్ గుర్తు నొక్కి, లిస్టులో ప్రొజెక్టర్ పేరుకు బదులు లాప్‌టాప్ స్పీకర్స్ ఎంచుకున్న. గది దద్దరిల్లింది. కిటికీ పక్క పిల్ల నోట్సు మూసి తెర దిక్కే చూసుకుంట కూసున్నది. కేబుల్ పీకి పెడితే మళ్ల మారొచ్చు, పాఠానికి ముందే చూసుకోండి.