థర్మోస్టాట్ హౌసింగ్ కారుతోందా? ముందు సుద్దముక్క తీయండి

మా లారీకి పది టైర్లు, ఆరు సిలిండర్ల డీజిల్ ఇంజను. చీమకుర్తిలో గ్రానైట్ పలకలు ఎక్కించుకుని చెన్నై వెళ్లి వస్తుంటాను. ఒక కార్తీక మాసంలో రోజూ తెల్లవారుజామున రేడియేటర్ మూత తీస్తే నీళ్లు గ్లాసు, గ్లాసున్నర తగ్గి కనిపించేవి. బండి కింద నేల పొడిగా ఉండేది. ఒక మెకానిక్ ఇంజను ముందుభాగాన తడి చూసి వాటర్ పంపు పోయిందన్నాడు. పంపు మార్పించాను. డబ్బుతో పాటు ఒక ట్రిప్పు కూడా పోయింది, నీళ్లు మాత్రం తగ్గుతూనే ఉన్నాయి. కావలి దాటాక ఒక దాబా దగ్గర ఆగినప్పుడు మా క్లీనర్ కుర్రవాడు టార్చిలైటు వేసి, “పంపు కొత్తది కదా అన్నా, మరి దాని పైన ఈ తెల్ల చార ఎక్కడిది?” అని అడిగాడు. ఆ చార పైకి పోయి థర్మోస్టాట్ హౌసింగ్ అతుకు దగ్గర ఆగింది.

థర్మోస్టాట్ అంటే ఇంజను వేడెక్కే వరకు నీళ్లను రేడియేటర్‌కు వెళ్లనివ్వని వాల్వు, దాన్ని కప్పి ఉంచే గూడు హౌసింగ్. అది సాధారణంగా సిలిండర్ హెడ్ ముందువైపు, రేడియేటర్ పై పైపు వచ్చి కలిసే చోట ఉంటుంది. అక్కడ పుట్టిన చుక్క కిందికి జారి పంపు మీద పడుతుంది. ఇంజను నడుస్తుంటే ఫ్యాను గాలికి నాలుగు వైపులా చెదిరిపోతుంది. వేడి ఇంజను మీద ఆవిరైపోతుంది కాబట్టి నేల మీద మడుగు కూడా కట్టదు. అందుకే తడి కనిపించిన చోటే లీకు ఉందనుకోకండి. ఇంజను ముందుభాగం కడిగి ఆరబెట్టండి. అతుకు చుట్టూ, పైపు క్లిప్పు చుట్టూ, పంపు చుట్టూ సుద్దముక్కతో మందంగా రుద్దండి. బండి ఒక గంట నడిపి, రాత్రంతా చల్లారనిచ్చి పొద్దున చూడండి. సుద్ద ఎక్కడ మొదట తడిసిందో అక్కడే లీకు. క్లిప్పు దగ్గర తడిస్తే అదృష్టవంతులు, క్లిప్పు మార్చుకుంటే సరిపోతుంది.

చల్లారాక చూడమనడానికి కారణం ఉంది. చాలా ఇంజన్లలో హెడ్ ఇనుముది, హౌసింగ్ అల్యూమినియంది. వేడికి అల్యూమినియం ఇనుముకన్నా దాదాపు రెట్టింపు వ్యాకోచిస్తుంది, చల్లారితే అంతే ముడుచుకుంటుంది. వేడిలో బిగిసి ఉన్న అతుకు తెల్లవారుజాము చలికి వదులై కారుతుంది. షెడ్డుకు తీసుకెళ్లేసరికి ఇంజను వేడెక్కి లీకు మాయమవుతుంది. మెకానిక్ మన ముఖం వంక అనుమానంగా చూస్తాడు.

ఇక పని. ఇంజను పూర్తిగా చల్లారే వరకు మూత ముట్టుకోవద్దు. ఒత్తిడిలో ఉన్న నీళ్లు వంద డిగ్రీలు దాటినా మరగకుండా ఉంటాయి, మూత వదులైన క్షణంలో ఆవిరై ముఖం మీదికి లేస్తాయి. పై పైపును నొక్కితే మెత్తగా ఉండాలి. అప్పుడు కూడా మూత మీద గోనెగుడ్డ వేసి మెల్లగా తిప్పండి.

నీళ్లన్నీ దించనక్కరలేదు, మట్టం హౌసింగ్ కిందికి వస్తే చాలు. శుభ్రమైన బకెట్టులో పట్టుకుంటే గుడ్డతో వడకట్టి మళ్లీ పోసుకోవచ్చు. ఆ బకెట్టు మీద మూత పెట్టండి. నీళ్లలో కలిపే కూలెంట్‌లో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కుక్కలు నాకి చచ్చిపోతాయి. బ్యాటరీ తీగ విప్పి, కింద ఆల్టర్నేటర్ ఉంటే దానికి ప్లాస్టిక్ కవరు చుట్టండి. పై పైపు రాకపోతే స్క్రూడ్రైవరుతో పొడవకుండా, చేత్తో పట్టుకుని అటూ ఇటూ మెలిపెట్టండి.

బోల్టులు విప్పే ముందు ఒక అట్టముక్క మీద హౌసింగ్ బొమ్మ గీసి, ఏ బోల్టు ఆ రంధ్రంలో గుచ్చుకుంటూ పోండి. అన్నీ ఒకే పొడవు ఉండవు. కురచ రంధ్రంలో పొడుగు బోల్టు వేస్తే అది అడుగు తగిలి బిగిసినట్టు నటిస్తుంది, హౌసింగ్ మాత్రం వదులుగానే ఉంటుంది. తుప్పుపట్టినవి ఉంటే ముందురోజు రాత్రే తుప్పు వదిలించే నూనె పోసి ఉంచండి. పొద్దున తల మీద సుత్తితో చిన్నగా తట్టి, కొద్దిగా బిగించే వైపు, తరవాత విప్పే వైపు, మళ్లీ బిగించే వైపు ఇలా కదిలించాలి. నేను తొందరపడి ఒకటి విరగ్గొట్టాను. మిగిలిన మొండెం మీద నట్టు పెట్టి వెల్డింగు చేయించి తిప్పితే వచ్చింది. ఆ ఒక్క బోల్టుకే సగం రోజు పట్టింది.

హౌసింగ్ చేతికి వచ్చాక చాలామంది చేసేది పాత ప్యాకింగు పీకి కొత్తది వేయడం. నెల తిరక్కుండానే మళ్లీ కారడానికి కారణం అదే. పాత ప్యాకింగు దానంతటదే చెడిపోలేదు. అది ఆనుకుని కూర్చునే హౌసింగ్ అంచు, అంటే ముఖం, చెడింది. మా హౌసింగ్ లోపలి అంచు చుట్టూ బియ్యపు గింజలంత గుంటలు పడి ఉన్నాయి. ఎన్నో ఏళ్లు బోరునీళ్లు పోసిన ఫలితం అది. మా ఒంగోలు చుట్టుపక్కల బోరునీళ్లు కాచిన గిన్నెకే తెల్లగా పేరుకుంటాయి, ఇంజను లోపల పేరుకోవా?

ముఖాన్ని గీరేటప్పుడు హెడ్ రంధ్రంలో శుభ్రమైన గుడ్డ కుక్కండి, ముక్కలు లోపల పడితే పోయి రేడియేటర్ గొట్టాల్లో ఇరుక్కుంటాయి. పదునైన బ్లేడును పడుకోబెట్టి గీరండి. గ్రైండరు జోలికి పోవద్దు, అది అల్యూమినియాన్ని క్షణంలో పల్లం చేస్తుంది. తరవాత స్టీలు స్కేలును అంచు మీద నిలబెట్టి ముఖమంతా పరీక్షించండి. స్కేలు కింద 0.1 మిల్లీమీటరు ఫీలర్ గేజి (సందు కొలిచే పలుచటి రేకు) దూరితే ముఖం వంగినట్టే.

వంపు కొద్దిపాటిదైతే ఇంట్లోనే సరిచేయవచ్చు. మందపాటి అద్దం ముక్క మీద 220 నంబరు ఎమరీ పేపరు పరచి కిరోసిన్ చల్లండి. హౌసింగ్ ముఖం మీద స్కెచ్ పెన్నుతో అడ్డదిడ్డంగా గీతలు గీసి, ఎనిమిది అంకె దిద్దినట్టు రుద్దండి. చేతి బరువు ఒక వైపే పడకూడదు. గీతలు చెరిగిన చోటు ఎత్తు, మిగిలిన చోటు పల్లం. అన్ని గీతలూ పోయాక 400 నంబరుతో నునుపు చేయండి. నాకు గంటన్నర పట్టింది, మధ్యలో రెండుసార్లు టీ తాగాను. గుంటలు బోల్టు రంధ్రం దాకా పాకినా, ఎక్కడైనా పగులు కనిపించినా ఇంత శ్రమ దండగ. కొత్త హౌసింగ్ కొనండి. ఎం-సీల్ పూసి పగులు కప్పేవారు ఉన్నారు. అది చెన్నై దాకా రాదు, తడ దగ్గరే ఆపేస్తుంది.

ఎలాగూ విప్పాం కాబట్టి థర్మోస్టాట్ వాల్వును కూడా పరీక్షించండి. వంటకు పనికిరాని పాత గిన్నెలో నీళ్లు పోసి, వాల్వును దారంతో అడుగు తగలకుండా వేలాడదీసి, థర్మామీటరు పెట్టి కాచండి. వాల్వు అంచు మీద 82, 83 లాంటి అంకె చెక్కి ఉంటుంది, అది తెరుచుకోవడం మొదలయ్యే వేడి. ఆ దరిదాపుల్లో కదలాలి, నీళ్లు మరిగేసరికి బాగా తెరుచుకోవాలి, చల్లారితే పూర్తిగా మూసుకోవాలి.

“మన ఎండలకు వాల్వెందుకు, తీసి పారేయండి” అనే పెద్దమనుషులు ప్రతి షెడ్డులోనూ ఉంటారు. నేనూ విన్నాను, ఒకప్పుడు తీశాను కూడా. ఇంజను వేడెక్కక డీజిల్ ఎక్కువ తాగింది, పొద్దునపూట తెల్లపొగ ఎంతకీ ఆగలేదు. పైగా చాలా ఇంజన్లలో ఈ వాల్వు తెరుచుకున్నప్పుడు బైపాస్ దారిని మూస్తుంది. వాల్వు లేకపోతే కొంత నీరు రేడియేటర్‌కు వెళ్లకుండా ఇంజనులోనే తిరుగుతుంది. బరువుతో ఎత్తు ఎక్కేటప్పుడు చల్లదనం వస్తుందనుకుంటే వేడే పెరుగుతుంది.

వాల్వు స్ప్రింగు, మైనపు గుళిక ఉన్న వైపు ఇంజను లోపలికి ఉండాలి. అంచులో చిన్న రంధ్రమో, ఊగే పిన్నో ఉంటే అది పైకి రావాలి, గాలి పోయే దారి అదే. కాగితపు ప్యాకింగు దొరక్కపోతే ప్యాకింగు షీటును హౌసింగ్ అంచుల మీద పెట్టి గుండ్రటి తల ఉన్న సుత్తితో తట్టుతూ కోసుకోవచ్చు, బోల్టు రంధ్రాలకు పాత బేరింగు గోళీ పెట్టి కొడితే చక్కగా తెగుతాయి. ముఖం సమంగా ఉంటే దానికి సిలికాన్ అక్కరలేదు. మనసు ఒప్పకపోతే గోరుతో తీసినంత పలుచగా పూయండి. టూత్‌పేస్టులా పెట్టింది లోపలికి పొంగి, తెగి, రేడియేటర్‌లో చేరుతుంది. రబ్బరు రింగు వేసే హౌసింగ్ అయితే సిలికాన్ అసలే వద్దు.

బోల్టులన్నీ ముందు చేత్తో తిప్పి కూర్చోబెట్టాలి. తరవాత ఎదురెదురుగా, రెండు మూడు విడతల్లో బిగించాలి. 13 నంబరు స్పానరు పట్టే 8 మిల్లీమీటర్ల బోల్టుకు 24 న్యూటన్ మీటర్ల దరిదాపు బిగువు చాలు, మీ ఇంజను పుస్తకంలో వేరే అంకె ఉంటే అదే ఖాయం. స్పానరుకు గొట్టం తగిలించి లాగితే హౌసింగ్ చెవి పగులుతుంది. నీళ్ల గదిలోకి తెరుచుకునే రంధ్రమైతే బోల్టు మరచుట్ల మీద సీలెంటు రాయండి, లేదంటే ఆ చుట్ల వెంబడే కారుతుంది.

కూలెంటు, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపి, మెల్లగా పోయండి. గాలి వదిలే బోల్టు ఉంటే అది తెరిచి, నీళ్లు వచ్చాక మూయండి. మూత తీసి ఉంచి, బండి కదలకుండా, యాక్సిలరేటర్ తొక్కకుండా ఇంజనును నడవనివ్వండి. పై పైపు వేడెక్కిందంటే వాల్వు తెరుచుకున్నట్టే, అప్పుడు మట్టం పడిపోతుంది, మళ్లీ నింపి మూత బిగించండి. మర్నాడు పొద్దున చల్లటి ఇంజను మీద బోల్టులు ఒకసారి అదే బిగువుకు చూసి, అతుకు చుట్టూ మళ్లీ సుద్ద రుద్దండి. నేను మూడు ట్రిప్పులు రుద్దాను, మూడుసార్లూ పొడిగానే ఉంది.

సుద్ద పొడిగా ఉండి కూడా నీళ్లు తగ్గుతుంటే, తెల్లవారుజామున చల్లటి ఇంజనును మూత తీసి స్టార్టు చేయండి. రేడియేటర్‌లో బుడగలు ఆగకుండా వస్తుంటే హెడ్ ప్యాకింగు పోయి, మండిన గ్యాసు నీళ్లలోకి చొరబడుతోందన్నమాట. అప్పుడు బండిని లోడుకు కాకుండా షెడ్డుకు పంపాలి.