ఎయిర్ పిస్టల్ పెల్లెట్లు కింద ఎడమకు పడుతుంటే

కుడిచేతి షూటర్‌కు 10 మీటర్ల ఎయిర్ పిస్టల్‌లో పెల్లెట్లు కింద ఎడమకు పడుతుంటే చాలామంది మొదట వెనక సైట్ (గురి చూసే గాడి) తిప్పేస్తారు. అది వద్దు. పెల్లెట్ లేకుండా, డ్రై ఫైర్‌లో తెల్లగోడకేసి ట్రిగ్గర్ నొక్కి చూస్తే ముందు సైట్ (గొట్టం చివరి గురి ముక్క) అటే దిగుతోంది. అంటే లోపం వేలిదే. చూపుడువేలి చివరి కణుపు మెత్తటి భాగం నేరుగా వెనక్కి నొక్కేలా ట్రిగ్గర్ బ్లేడు జరిపాను. గ్రిప్ కింది పలకను కాస్త వదులు చేశాను. ట్రిగ్గర్ బరువు (అది పేలడానికి కావలసిన ఒత్తిడి) నిబంధన ప్రకారం 500 గ్రాములకు తగ్గకూడదు, దాన్ని కదపలేదు.

సైట్ల మధ్య దూరం 350 మిల్లీమీటర్లయితే, ముందు సైట్ అర మిల్లీమీటరు పక్కకు జరిగినా పెల్లెట్ 14 మిల్లీమీటర్లు తప్పుతుంది. టార్గెట్ నడిమి 10 పాయింట్ల వలయం వ్యాసమే 11.5 మిల్లీమీటర్లు! అందుకే చూపు ముందు సైట్ మీదే ఉండాలి. టార్గెట్ మీది నల్ల వృత్తం మసకబారితే మంచిదే. పెల్లెట్లు పడిన గుర్తుల గుంపు దగ్గరపడ్డాకే వెనక సైట్ క్లిక్కుల (సర్దే మర తిప్పుళ్ల) జోలికి వెళ్లాలి.