‘డిడ్’ తర్వాత ‘వెంట్’ ఎందుకు రాదు? ఇంగ్లిష్ వెర్బుల దగ్గర తరచూ వచ్చే తప్పులు, వాటి దిద్దుబాట్లు

సమస్య: ‘ఐ డిడ్ నాట్ వెంట్’, ‘డిడ్ యూ సా హిమ్?’, ‘డజ్ షీ వర్క్స్ హియర్?’

చూడ్డానికి మూడు తప్పులు, నిజానికి ఒకటే.

కారణం: జరిగిపోయిన పని కాబట్టి పాస్ట్ టెన్స్ రూపం వాడాలనుకుంటాం. ఆలోచన సరైనదే, కానీ ఆ పని ‘డిడ్’ అప్పటికే చేసేసింది. హెల్పింగ్ వెర్బ్ ఉన్న వాక్యంలో టెన్స్ దాని మీదే పడుతుంది, వెనక వచ్చే వెర్బ్ మీద మళ్లీ పడదు. ‘డజ్’లో ఎస్ చేరిపోయింది కనుక ‘వర్క్’కి ఇంకో ఎస్ అక్కర్లేదు.

ఇదేమీ మనకు కొత్త కాదు. ‘వెళ్లాను’కి వ్యతిరేకం ‘వెళ్లలేదు’. ‘వెళ్లానులేదు’ అని ఎవరూ అనరు. ‘లేదు’ రాగానే ముందున్న క్రియ ‘వెళ్ల’ అని బోసిగా మిగులుతుంది. ఇంగ్లిష్‌లోనూ అంతే. ప్రశ్నల్లోనే అసలు చిక్కు. మనకు ‘వెళ్లావా?’ అని చివర దీర్ఘం తీస్తే సరిపోతుంది, వాళ్లు ‘డిడ్’ని ముందుకు తేవాలి.

పరిష్కారం: డూ, డజ్, డిడ్ కనిపిస్తే తర్వాతి వెర్బ్‌ని డిక్షనరీలో ఉన్నట్టే రాయండి: ‘డిడ్ నాట్ గో’, ‘డిడ్ యూ సీ’, ‘డజ్ షీ వర్క్’. క్యాన్, మస్ట్, షుడ్ తర్వాత కూడా అంతే, ‘హీ క్యాన్ సింగ్స్’ తప్పు. హ్యావ్ తర్వాత మాత్రం మూడో రూపం కావాలి: ‘హ్యావ్ గాన్’.

రెండు మినహాయింపులు. వచ్చిందెవరని అడిగేటప్పుడు ‘డిడ్’ అక్కర్లేదు, ‘హూ కేమ్?’ చాలు. యామ్, ఈజ్, వర్ లాంటివి ప్రశ్నలో తామే ముందుకొస్తాయి. ‘డిడ్ యూ వర్ దేర్?’ కాదు, ‘వర్ యూ దేర్?’.

సమస్య: ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’, ‘ఐ యామ్ నోయింగ్ హిమ్’

కారణం: ఐఎన్‌జీ రూపం సాగుతున్న పనికి. అన్నదమ్ములు ఉండటం, ఒకరు తెలిసి ఉండటం పనులు కావు, స్థితులు. బిలాంగ్, ఓన్ కూడా ఈ జాతివే.

పరిష్కారం: ‘దీన్ని ఇప్పుడు మధ్యలో ఆపగలనా?’ అని అడిగి చూడండి. భోజనం ఆపగలం, కాబట్టి ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ ఒప్పే. తమ్ముడు ఉండటాన్ని ఆపలేం, కాబట్టి ‘ఐ హ్యావ్ టూ బ్రదర్స్’. అన్ని చోట్లా పనిచేసే పరీక్ష కాదు గానీ చాలా తప్పుల్ని పట్టేస్తుంది.

సమస్య: ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’

కారణం: ‘2019 నుంచి పనిచేస్తున్నాను’ అంటే మనకు సరిపోతుంది. ఇంగ్లిష్‌లో అప్పుడు మొదలై ఇప్పటిదాకా సాగుతున్న పనికి హ్యావ్ తప్పనిసరి.

పరిష్కారం: ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ సిన్స్ 2019’. దీన్ని నేర్చుకున్నాక కొందరు ప్రతిచోటా హ్యావ్ తగిలిస్తారు. అదీ ముప్పే. నిన్న, పోయిన ఏడాది అని ముగిసిపోయిన సమయం చెప్తే హ్యావ్ వద్దు: ‘ఐ సా హిమ్ యెస్టర్‌డే’.

సమస్య: ‘హీ మేడ్ మీ టు వెయిట్’

మేక్, లెట్ తర్వాత ‘టు’ రాదు: ‘హీ మేడ్ మీ వెయిట్’. తమాషా ఏమిటంటే, ప్యాసివ్‌లోకి మారిస్తే మేక్ విషయంలో ఆ ‘టు’ తిరిగొస్తుంది: ‘ఐ వాజ్ మేడ్ టు వెయిట్’.