వైజాగ్‌లో పాత కార్లు, బైకుల ఫోటోలు తీసి షేర్ చేయడం ఎలా?

బీచ్ రోడ్డు మీద పాత అంబాసిడర్ కనబడితే చాలు, బండి పక్కకాపేసి ఫోన్ తీసేసే బ్యాచ్ మీరైతే ఇది మీకే. మనం ఏం చేస్తామంటే తీసిన నలభై ఫోటోలూ అదే రాత్రి గ్రూపులో గుమ్మరించేస్తాం, ఒక్కడూ సరిగ్గా చూడడు, పైగా పొద్దున్నే ఎవడో ఒకడు స్టోరేజీ నిండిపోయింది రా అని తిడతాడు. నేనూ చాలాకాలం అలా చేసినోణ్ణే.

ముందు టైం సంగతి చూడండి. సన్‌రైజ్ సన్‌రైజ్ అని అందరూ తెల్లారకుండానే పరిగెడతారు గానీ మన సముద్రం తూర్పునుంది కదా, బండి వెనక సముద్రం వచ్చేలా పెట్టి పొద్దున్న తీస్తే సూర్యుడు కెమెరా కళ్ళల్లోకే కొడతాడు, బండి మసి పట్టిన గిన్నెలా వస్తుంది. నల్లటి ఆకారం ఒక్కటే చాలనుకుంటే సరే. రంగు, క్రోమ్, హెడ్‌లైట్లు కనబడాలంటే మాత్రం సాయంత్రం నాలుగు దాటాక వెళ్ళండి, ఎండ ఊరి వైపు నుంచి వచ్చి బండి మీద పడుతుంది, వెనక నీళ్ళు నీలంగానే ఉంటాయి. ఎండ కొండల వెనక్కి దిగిపోయేలోపే పని కానిచ్చేయాలి. తెల్లారి ఆర్కే బీచ్ దగ్గర ఎలాగూ వాకింగ్ వాళ్ళ కోసం బళ్ళు ఆపేస్తారు.

తర్వాత చోటు. ఋషికొండ దాటి భీమిలి వైపు వెళ్ళండి, మంగమారిపేట దగ్గర జనం తక్కువ, ఓ పక్క కొండ ఓ పక్క సముద్రం. ఎర్రమట్టి దిబ్బల ఎరుపు ముందు తెల్ల ఫియట్ భలే ఉంటుంది, కాకపోతే బండి రోడ్డు మీదే ఉంచండి, అది జియో హెరిటేజ్ సైటు, దిబ్బల మీదకి ఎక్కించేస్తే ఎలా? అరకు వెళ్తే శృంగవరపుకోట దాటాక ఘాట్ మొదలవుతుంది, అనంతగిరి కాఫీ తోటలు, గాలికొండ వ్యూపాయింట్, శీతాకాలమైతే మంచు. మలుపుల్లో ఆపకండి, వెనక బస్సొస్తుంటుంది. ఎక్కుడులో పాత బండి వేడెక్కి ఆగిపోతే దిగులు పడకండి, బానెట్ ఎత్తి ఉన్న ఫోటోయే ఆ రోజుకి హైలైట్ అవుతుంది (రేడియేటర్ మూత మాత్రం చల్లారేదాకా ముట్టుకోకండి). నేవీ వాళ్ళ గోడలు, గేట్లు, షిప్పులున్న వైపు కెమెరా ఎత్తొద్దు, బోర్డున్నా లేకపోయినా. డ్రోన్ సంగతి ఇక చెప్పక్కర్లేదు.

బండి మీది కాకపోతే ఓనర్ని అడగండి. అడగడమంటే "ఫోటో తీసుకోనా" ఒక్కటే కాదు, "నెట్‌లో పెడతాను బాబాయ్, పర్లేదా" అని కూడా. ఒకసారి ఓ పాత జావా బైకు పక్కన నిలబడి ఓ అరగంట చూస్తుంటే దాని ఓనర్ వచ్చి "ఏటి బాబూ, కొనేస్తావేటి?" అన్నాడు. లేదండీ ఫోటో కోసం అంటే, కిక్ రాడ్‌నే ముందుకు తిప్పితే గేరు రాడ్ అయిపోతుంది చూడు అని కూర్చుని చేసి చూపించాడు. ఆ రోజు వచ్చిన మంచి ఫోటో ఆయన కాలూ, ఆ రాడ్డూ.

తీసేటప్పుడు నాలుగైదు విషయాలు. ఫోన్ దగ్గరికి పెట్టి తీస్తే కారు మూతి ఉబ్బిపోయి బుగ్గల పిల్లాడిలా ఉంటుంది, కాబట్టి వెనక్కి నడిచి రెండింతల జూమ్ పెట్టండి. మోకాళ్ళ మీద కూర్చుని హెడ్‌లైట్ ఎత్తులో తియ్యండి. స్టీరింగ్ కొంచెం తిప్పిస్తే చక్రం ముఖం మనవైపు కనిపిస్తుంది. బైకైతే సెంటర్ స్టాండ్ వేయించండి, సైడ్ స్టాండ్ మీద ఒరిగిపోయి ఉంటుంది. పాత బుల్లెట్‌కి గేరు కుడివైపే, సైలెన్సరూ అటే, అందుకని అటునుంచి తీస్తేనే తెలిసినోళ్ళు మెచ్చుకుంటారు. లెన్స్ ముందు తగిలించే పోలరైజర్ ఫిల్టర్ అద్దం మీద మెరుపు తగ్గిస్తుంది గానీ క్రోమ్ మీద పనిచెయ్యదు, హబ్ క్యాప్‌లో (చక్రం మధ్య ఉండే మెరిసే మూతలో) మీరు కనబడుతున్నారేమో చూసుకోండి. నా పసుపు టీషర్టు ఒక సీజన్ మొత్తం అన్ని ఫోటోల్లోనూ ఉంది. ఉప్పుగాలికి లెన్స్ మసకేస్తుంది, పది నిమిషాలకోసారి తుడవండి.

ఇంటికొచ్చాక అదే రాత్రి పెట్టకండి. మర్నాడు చూసి అయిదారు ఏరండి: మొత్తం బండి ఒకటి, రోడ్డుతో ఒకటి, మిగతావి మీటరు, బ్యాడ్జీ, పగిలిన సీటు లాంటి దగ్గరివి. నా లెక్కలో ఆ పగిలిన సీటే అసలు ఫోటో. రంగులు మరీ పెంచెయ్యకండి, పాత పెయింటు కొత్త స్టిక్కర్‌లా అయిపోతుంది.

ఫోటోలో నంబర్ ప్లేటు చెరిపెయ్యండి. ఓనర్ ఇంటి దగ్గర తీసిందైతే లొకేషన్ కూడా తీసెయ్యండి, ఫోటో ఫైల్లోనే అది దాక్కునుంటుంది, వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపితే దాంతో పాటే వెళ్ళిపోతుంది. అలాగని మామూలుగా పంపితే క్వాలిటీ పోతుంది, కాబట్టి ముందు లొకేషన్ తీసేసి తర్వాత డాక్యుమెంట్‌గా పంపడం నా పద్ధతి. ఇన్‌స్టాలో అయితే నిలువుగా 4:5 కత్తిరించండి, 1080 పిక్సెళ్ళ వెడల్పు చాలు.

క్యాప్షన్ దగ్గరే అందరూ బద్ధకిస్తారు. "వింటేజ్ బ్యూటీ" అని రాసి వదిలేస్తారు, అదేమో తొంభైల్లో కొన్న పద్మిని కారు. మన దేశంలో 2021 రూల్స్ ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్ళు దాటిన సొంత వాడకం కార్లు, బైకులే వింటేజ్. అంబాసిడర్ 2014 దాకా తయారైంది కాబట్టి ఆకారం చూసి 1960 అని రాసెయ్యకండి, ఆర్సీలో ఏ సంవత్సరముందో ఓనర్నే అడగండి. మోడలు, సంవత్సరం, ఏ రోడ్డు, ఏ టైం, బండి గురించి ఆయన చెప్పిన ఒక మాట. ఆ చివరిదానికే కామెంట్లొస్తాయి, మా నాన్నకీ ఇదే ఉండేది అని.

ఒకటి ప్రింట్ తీయించి ఓనర్‌కివ్వండి, పెద్ద ఖర్చేం కాదు. జావా బాబాయ్‌కి ఇస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ట్యాంకు మీద దుమ్ముంది బాబూ, వచ్చే ఆదివారం కడిగి తెస్తాను, మళ్ళీ తియ్యి" అన్నాడు.